గ్నోమ్ షెల్, సినమన్, మాటే: కింద పట్టీ కావాలనుకునేవారికి ఏది మేలు?

గ్నోమ్ షెల్, సినమన్, మాటే లినక్స్ కంప్యూటర్లలో విండోలు, మెనూలు చూపే డెస్క్‌టాప్‌లు. 2011 ఏప్రిల్ 6న గ్నోమ్ 3 వచ్చింది, దాని తెరను నడిపేదే గ్నోమ్ షెల్. 2002 నుంచి అలవాటైన పట్టీలు, అప్లికేషన్స్ మెనూ, కింద వరసగా కనిపించే విండోల పేర్లు ఒక్కసారిగా పోయాయి. మినిమైజ్, మాగ్జిమైజ్ బటన్లు తీసేసి మూసే బటన్ ఒక్కటే ఉంచారు. మెనూలో 'సస్పెండ్' మాత్రమే కనిపించేది, కంప్యూటర్ ఆపాలంటే ఆల్ట్ కీ నొక్కి పట్టుకోవాలి. అదే నెలలో ఉబుంటు అనే డిస్ట్రో (లినక్స్ రకం) కూడా 11.04 వెర్షన్‌లో యూనిటీ అనే సొంత డెస్క్‌టాప్‌కు మారిపోవడంతో పాత పద్ధతి కావాలన్నవాళ్లకు దారి మరీ ఇరుకైంది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ ఏడాదే గ్నోమ్ వదిలి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కు వెళ్లారు. 2013లో తిరిగి వచ్చారు గానీ, ఎక్స్‌టెన్షన్లు (షెల్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న కోడ్‌లు) వేసుకుని వచ్చారు.

ఆ కోపాన్ని 'కొత్తంటే భయం' అని కొట్టిపారేయడం అన్యాయం. పట్టీ మీద పేరు కనిపిస్తుంటే ఒక్క క్లిక్కుతో ఆ విండోలో ఉంటాం. గ్నోమ్ షెల్‌లో సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ) నొక్కాలి, తెర మీద పరుచుకున్న విండోల బొమ్మల్లో కావలసినదాన్ని వెతకాలి, ఆ తర్వాతే క్లిక్కు. రెండు విండోలతో పని జరిగేవారికి ఇది లెక్కలోకి రాదు. ఒక స్ప్రెడ్‌షీటు, మూడు లిబ్రేఆఫీస్ రైటర్ ఫైళ్లు తెరిచి అంకెలు ఎక్కించేవారికి మాత్రం రోజంతా తగులుతూనే ఉంటుంది. ఆల్ట్-ట్యాబ్ కొడితే ఆ మూడు రైటర్ ఫైళ్లకూ కలిపి ఒకటే ఐకాన్ వస్తుంది. వాటి మధ్య తిరగాలంటే ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ పైనున్న కీ కొట్టాలి.

దీనికి మందు గ్నోమ్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో షార్ట్‌కట్లు, నావిగేషన్ తెరిచి 'స్విచ్ విండోస్'కు ఆల్ట్-ట్యాబ్ ఇవ్వండి. ఆ కీలు ఇప్పటికే 'స్విచ్ అప్లికేషన్స్'కు ఉన్నాయని హెచ్చరిస్తుంది, మార్చమనండి. మినిమైజ్, మాగ్జిమైజ్ బటన్లు లేని డిస్ట్రోల్లో ట్వీక్స్ అనే చిన్న ప్రోగ్రాం వేసుకుని టైటిల్‌బార్ బటన్ల దగ్గర రెండూ ఆన్ చేస్తే చాలు. ఈ రెండూ మామూలు సెట్టింగులు కాబట్టి అప్‌గ్రేడ్ చేసినా చెక్కుచెదరవు.

చిక్కంతా ఎక్స్‌టెన్షన్లతోనే. డ్యాష్ టు ప్యానెల్ అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే కింద పట్టీ వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ విడి ప్రోగ్రాం కాదు, నడుస్తున్న షెల్ లోపలికే వెళ్లి దాని కోడ్‌ను మారుస్తుంది. ఆరు నెలలకోసారి కొత్త గ్నోమ్ వచ్చినప్పుడు లోపలి కోడ్ మారవచ్చు. అందుకే ఏయే వెర్షన్లలో పనిచేస్తుందో ప్రతి ఎక్స్‌టెన్షన్ తనలోనే రాసుకుంటుంది. కొత్త వెర్షన్ ఆ జాబితాలో లేకపోతే అది ఆగిపోతుంది. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు రాసే జావాస్క్రిప్ట్ భాషలో కోడ్ ముక్కలను (మాడ్యూళ్లను) కలిపే పద్ధతే మారింది, ఎక్స్‌టెన్షన్లన్నీ సరిచేసుకోవాల్సి వచ్చింది. విండోలను తెర మీద చూపే కొత్త పద్ధతి వేలాండ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ తెరను నడిపేది కూడా గ్నోమ్ షెల్లే. ఎక్స్‌టెన్షన్ తప్పుచేసి షెల్ కూలితే తెరిచిన ప్రోగ్రాములన్నీ పోయి లాగిన్ తెర దగ్గర తేలతారు, సేవ్ చేయని ఫైలు దక్కదు.

అందుకే పట్టీ, మెనూ, ఐకాన్లు, ఇంకో రెండు కలిపి ఐదు ఎక్స్‌టెన్షన్లు పెడితేగానీ పని సాగదనుకునేవారు గ్నోమ్ వాడకపోవడమే మేలు. ఒకటి రెండు చాలంటే ఉబుంటు 24.04 లాంటి ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు అందే వెర్షన్) మీద ఉండండి. అందులో గ్నోమ్ 46 అలాగే ఉంటుంది కాబట్టి ఈ బెడద ఉండదు. ఫెడోరా అనే డిస్ట్రోలో కొత్త గ్నోమ్ ఆరు నెలలకోసారి వస్తుంది, ఏడాదికోసారైనా అప్‌గ్రేడ్ తప్పదు.

సినమన్ పుట్టిందే ఈ బాధలోంచి. లినక్స్ మింట్ అనే డిస్ట్రో వాళ్లు మొదట 2011 చివర్లో గ్నోమ్ 3కే ఎక్స్‌టెన్షన్లు రాసి చూశారు, అది నిలవదని తేలాక షెల్‌నే వేరుచేసి సొంతంగా నడుపుతున్నారు. పట్టీ, మెనూ, డెస్క్‌టాప్ ఐకాన్లు దాని సొంత భాగాలే, ఎక్కడినుంచో తెచ్చి అతికించినవి కావు. మింట్ కూడా మార్పులు తెచ్చింది. 19.1లో ఒకే ప్రోగ్రాం విండోలను ఒక ఐకాన్ కింద చేర్చే పట్టీ పెట్టింది. అయితే పాత పట్టీ కావాలా, కొత్తది కావాలా అని వెల్‌కమ్ తెరలోనే అడిగింది. ఇదే మర్యాద 2011లో దక్కి ఉంటే అంత గొడవ జరిగేది కాదు.

మాటే గ్నోమ్ 2కు నేరుగా కొనసాగింపు. పాత గ్రాఫిక్స్ చిప్ ఉన్న యంత్రాలకు, పైన కింద రెండు పట్టీలూ అలవాటైన చేతులకు అదే హాయి. కొత్త సౌకర్యాలు నెమ్మదిగా వస్తాయి.

గ్నోమ్‌కు తిరుగులేని చోట్లూ ఉన్నాయి. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో జరిపితే వర్క్‌స్పేస్ (ఒక తెరనిండా విండోల గుంపు) వేలి వెంటే కదులుతుంది. ల్యాప్‌టాప్ తెర ఒక పిక్సెల్ సాంద్రత, బయటి మానిటర్ ఇంకో సాంద్రత ఉన్నవాళ్లకు వేలాండ్‌లో దేనికి తగ్గ స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల సైజు) దానికి పెట్టుకోవచ్చు. మింట్ 22 సినమన్ ఇంకా పాత పద్ధతి ఎక్స్11 మీదే మొదలవుతుంది, అక్కడ వేలాండ్ ప్రయోగ దశలోనే ఉంది. తెలుగు టైపింగ్ కూడా గ్నోమ్‌లోనే సులువు. ఇతర భాషలు టైపు చేయించే ఐబస్ ప్రోగ్రాం అందులో కలిసిపోయి ఉంది. ఐబస్‌కు కీబోర్డులు అందించే ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, ఇన్‌పుట్ సోర్సుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్టో (ప్రామాణిక కీబోర్డు), ఐట్రాన్సో (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేది) చేర్చుకుంటే సూపర్-స్పేస్‌తో భాష మారుతుంది. మింట్ 22లో అయితే 'ఇన్‌పుట్ మెథడ్' తెరిచి ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగవుట్ అయి రావాలి. ఈ లాగవుట్ మర్చిపోతే కీబోర్డు చేర్చినా తెలుగు పడకపోవచ్చు.

ఉబుంటులో ఇప్పుడున్న ఖాతా మీదే సినమన్ వేసి చూడొద్దు. నాటిలస్, నెమో రెండు ఫైల్ మేనేజర్లూ ఉండిపోతాయి, మెనూలో సెట్టింగులు జంటలుగా కనిపిస్తాయి, థీమ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఫైలు) రాసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా నడపండి. మీ రెండో మానిటర్ తగిలించి చూడండి, మూత వేసి తెరిచినప్పుడు యంత్రం లేస్తోందో లేదో చూడండి, మీరు రోజూ తెరిచే ఫైళ్లన్నీ ఒకేసారి తెరిచి ఒక గంట పనిచేయండి. లైవ్‌లో రాసినవి రీస్టార్ట్ అయితే పోతాయి కాబట్టి పని ఫైళ్లను వేరే డ్రైవ్‌లో దాచుకోండి.