పాత బజారుకు ఏది మేలు: రోడ్డు వెడల్పా, నడక వీధా?

30 అడుగుల బజారు రోడ్డును 60 చేయాలంటే ఇరువైపులా 15 అడుగులు పోతాయి. 20 అడుగుల లోతున్న కొట్టుకు మిగిలేది 5 అడుగులు. అందులో షట్టరు బిగించవచ్చు గానీ వ్యాపారం సాగదు. పరిహారంగా ఇచ్చే టీడీఆర్ బాండు (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు పత్రం) వేరేచోట అదనపు అంతస్తులు కట్టేవాళ్లకే అక్కరకొస్తుంది, చిన్న యజమాని దాన్ని అమ్ముకోవాల్సిందే. అద్దెదారుకు అదీ లేదు. ఇంత కూల్చాక పార్కింగ్ కట్టడి చేయకపోతే, వచ్చిన వెడల్పంతా బైకులే ఆక్రమిస్తాయి.

వాహనాలను ఆపి నడిచేవాళ్లకే వదిలే నడక వీధిలో కూల్చివేత ఉండదు, కానీ పని వరుస తప్పకూడదు. ముందు మురుగు కాలువ, తర్వాత మంచినీటి పైపు, కేబుళ్లు, ప్రతి కొట్టుకూ కనెక్షన్. రాయి పరచడం చివరి పని. పాత తారు తవ్వకుండా దానిమీదే రాయి పరిస్తే వీధి మట్టం గడపను దాటుతుంది, మొదటి వానకే నీళ్లు కొట్లలోకి వస్తాయి. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు కాలువ వైపు ఉండాలి. అడ్డు స్తంభాలు తీసిపెట్టేలా ఉండాలి, లేకుంటే ఫైరింజను లోపలికి రాదు. సరుకు దించడానికి ఉదయం 10 లోపు సమయం ఇవ్వాలి. తోపుడు బండ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం చోటు గుర్తించాలి.

స్పెయిన్‌లో 80 వేల పైచిలుకు జనాభా ఉన్న పొంటెవెద్రా 1999 నుంచి ఈ దారిలోనే ఉంది. ఊరి మధ్య బజారుకైతే నా ఓటు దీనికే. బస్సులు తిరిగే ప్రధాన రోడ్డుకైతే వెడల్పు చేయక తప్పదు.