మైకు పక్కన 37 మిల్లీమీటర్ల కూలర్: చిన్న క్యాబినెట్‌లో ఎన్‌హెచ్-ఎల్9ఏ-ఏఎం5తో 14 నెలలు

పాత క్యాసెట్లలోని గొంతులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, బుస తీసేసి, మాట స్పష్టంగా వినబడేలా చేసి ఇవ్వడం నా పని. మధ్యలో వ్యాఖ్యానం అవసరమైతే నేనే చదువుతాను. గది చిన్నది, బల్ల ఒక్కటే. చదివే మైకుకూ కంప్యూటర్‌కూ మధ్య బారెడు దూరం కూడా ఉండదు. కాబట్టి నా బల్ల మీదికి వచ్చే కంప్యూటర్‌కు మొదటి పరీక్ష వేగం కాదు, సద్దు. ఆ సద్దు విషయంలోనూ నాకొక పట్టింపు ఉంది. ఒకే స్థాయిలో సాగే శబ్దాన్ని రికార్డింగ్‌లోంచి తీసేయగలను. ఎక్కుతూ దిగుతూ ఉండే శబ్దాన్ని తీయబోతే దాంతోపాటు గొంతు కూడా కొంత పోతుంది. ఈ సమీక్షలో నా మంచిచెడ్డలన్నీ ఆ చెవితో విని చెప్పినవే.

ఇప్పుడు నడుస్తున్న యంత్రం ఇది: ఆరు లీటర్ల చిల్లుల క్యాబినెట్, మినీ-ఐటీఎక్స్ కొలతలో బీ650 మదర్‌బోర్డు, రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న కొలత పవర్ సప్లై, ప్రాసెసర్ మీద నాక్టువా వాళ్ల ఎన్‌హెచ్-ఎల్9ఏ-ఏఎం5 కూలర్. గ్రాఫిక్స్ కార్డు లేదు. తెరకు బొమ్మ పంపడానికి 7600లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది, నా పనికి అది చాలు.

మొదట ఇలా కొనలేదు. బోర్డు ముందు కొన్నాను, దాని వెనక ఎన్ని యూఎస్‌బీ రంధ్రాలున్నాయో లెక్కపెట్టి. తర్వాత బాగుందని చదివి నాలుగు హీట్‌పైపుల (వేడిని రెక్కల దాకా మోసే గొట్టాల) కూలర్ ఒకటి తెచ్చాను, ఎత్తు 47 మి.మీ. ఒక దిక్కుగా పెడితే దాని రెక్కలు బోర్డు అంచున ఉన్న వీఆర్ఎం (ప్రాసెసర్‌కు కరెంటును సరిచేసి ఇచ్చే భాగం) హీట్‌సింక్‌ను గుద్దుకున్నాయి. తిప్పి పెడితే పైపుల వంపు ర్యామ్ స్లాట్ మీదికి వచ్చింది. మూడో దిక్కున కూర్చుంది గానీ క్యాబినెట్ మూత పడలేదు, రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది. ఆ కంపెనీ పేరు చెప్పను, తప్పు కూలర్‌ది కాదు. సరిగ్గా కొలవకుండా కొన్నాను.

మినీ-ఐటీఎక్స్ అంటే 170 మి.మీ. పొడవు, 170 మి.మీ. వెడల్పు. 2001లో వయా టెక్నాలజీస్ తెచ్చిన కొలత. మామూలు ఏటీఎక్స్ బోర్డు 305కి 244. అంటే ఆ స్థలంలో ఐదింట రెండు వంతుల లోపే ఇక్కడ దొరుకుతుంది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మాత్రం రెండింటిలోనూ ఒకటే, చిన్నది కాదు. ర్యామ్ స్లాట్లు రెండుకు తగ్గాయి, అదనపు కార్డులు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఒక్కటే మిగిలింది. ఇక వీఆర్ఎం, ఎమ్.2 డ్రైవు (బోర్డు మీదే బిగించే పలుచటి నిల్వ ముక్క), వెనక పోర్టుల మీది లోహపు కప్పు అన్నీ సాకెట్ చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడాలి. పెద్ద బోర్డు మీద కూలర్ ఏదైనా కూర్చుంటుంది. ఇక్కడ కూలర్ పాదం ఎంత వెడల్పో ముందు చూసుకోవాలి, ఎత్తు ఆ తర్వాత.

ఎన్‌హెచ్-ఎల్9ఏ పాదం 114కి 92 మి.మీ. ఫ్యాన్‌తో కలిపి ఎత్తు 37. ర్యామ్ స్లాట్ల మీదికీ రాదు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ మీదికీ రాదు. నా బోర్డు మీద వీఆర్ఎం హీట్‌సింక్‌కూ దీనికీ మధ్య చిటికెన వేలు దూరుతుంది. ఏఎం4 (రైజెన్‌ల పాత సాకెట్) కాలపు ఎల్9ఏకు బోర్డు వెనక పలకను విప్పి, వెనక నుంచి మరలు బిగించాలి. ఏఎం5 సాకెట్‌లో ఆ పలక తీయడానికి వీల్లేనిది, అందుకే ఈ సాకెట్‌కు వేరే నమూనా చేశారు. ఆ సంగతి చూడకుండా పాత దాన్ని తెచ్చుకుంటే బిగించలేరు.

కొలత గురించి ఒక్క మాట. కూలర్ ఎత్తును ప్రాసెసర్ పైముఖం నుంచి లెక్కిస్తారు, బోర్డు నుంచి కాదు. నేను స్కేలు బోర్డు మీద ఆనించి కొలిచాను. బోర్డుకూ ప్రాసెసర్ పైముఖానికీ మధ్య ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. అదే నన్ను ముంచింది. రెండోసారి ప్రాసెసర్ పెట్టి, దాని మీద నుంచి మూత లోపలి వైపు దాకా కొలిస్తే 45 వచ్చింది. ప్రాసెసర్ డబ్బాలో ఉచితంగా వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలర్ ఎత్తు 54, అదీ పట్టదని అప్పుడే తేలింది.

45లో 37 పోతే మిగిలేది 8 మి.మీ. ఆ ఎనిమిది గురించి ఎవరూ చెప్పరు. నేను నేర్చుకున్నదంతా ఆ సందులోనే ఉంది.

ఫ్యాన్ పైనుంచి గాలి పీల్చి కింద రెక్కల్లోకి కొడుతుంది. మూతకూ ఫ్యాన్‌కూ మధ్య సందు తెరిచి ఉంటే ఫ్యాన్ బయటి చల్లగాలితోపాటు క్యాబినెట్ లోపలి వేడిగాలిని కూడా పక్కల నుంచి లాగేస్తుంది. తను వెళ్లగొట్టిన వేడినే మళ్లీ పీల్చడం అన్నమాట. ప్యాకింగ్‌లో వచ్చిన నల్లటి స్పాంజిని చతురస్రంగా కోసి, మధ్యలో ఫ్యాన్ అంత గుండ్రంగా తీసేసి, ఫ్యాన్ అంచుకూ మూతకూ మధ్య గట్టుగా పెట్టాను. అదే పని, అదే ఫ్యాన్ వేగం. ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు దిగింది. కంపెనీ వాళ్లే ఈ కూలర్ కోసం ఎన్ఏ-ఎఫ్‌డీ1 అని ఒక గాలి గొట్టం కిట్ అమ్ముతారు, చేసే పని ఇదే. నేను కోసిన స్పాంజి నిలబడింది కాబట్టి దాని దాకా పోలేదు.

అలాగని ఫ్యాన్‌ను మూతకు ఆనించే అంత దగ్గర కూలర్ కొనకండి. చిల్లుల రేకు ఫ్యాన్ రెక్కలకు మరీ దగ్గరైతే గాలి తెగి సన్నటి కూత పుడుతుంది. పరీక్షగా ఫ్యాన్ మీద చిల్లుల రేకు ముక్క ఒకటి పట్టుకుని దగ్గరగా, దూరంగా జరిపి మైకులో విన్నాను. ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గర కూత పదునుగా ఉంది. ఎనిమిది దగ్గర నా చెవికి అందలేదు. క్యాబినెట్‌లో 45 ఉంది కదా అని 45 నింపేసే కూలర్ కంటే 37 ఉన్నదే నాకు చల్లగానూ నిశ్శబ్దంగానూ పనిచేసింది.

ఇప్పుడు వేడి సంగతి. 7600 మీద 65 వాట్లు అని రాసి ఉంటుంది. ఆ అంకెను నమ్మి కూలర్ ఎంచకూడదు. సాకెట్ నుంచి అది 88 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇంటెల్‌లోనూ ఇదే కథ, కోర్ ఐ5-12400 మీద 65 అని ఉన్నా టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 117 వాట్ల దాకా పోగలదు. రెండు హీట్‌పైపులు, 14 మి.మీ. మందం ఫ్యాన్ ఉన్న కూలర్‌తో 88 వాట్లను మోయించడం న్యాయం కాదు. మొదటి రోజు ఆరు కోర్లనూ పూర్తిగా వాడే శబ్దశుద్ధి పని పెడితే నాలుగు నిమిషాల్లో 95 డిగ్రీలు తాకింది. ఈ ప్రాసెసర్‌కు అదే హద్దు, అక్కడికి రాగానే వేగం తనే తగ్గించుకుంటుంది. చెడిపోదు. కానీ ఫ్యాన్ నిమిషానికి 2500 చుట్లు తిరిగింది. ఆ వేగంలో శబ్దం 23.6 డెసిబెల్ అని కంపెనీ చెబుతుంది. అంకె చిన్నదే. చిన్న ఫ్యాన్ సద్దు సన్నటి స్థాయిలో ఉంటుంది, మైకు పక్కన ఆ సన్నదనమే పట్టిస్తుంది.

బయోస్‌లోకి (బోర్డు సొంత అమరికల తెరలోకి) వెళ్లి, ప్రాసెసర్ కరెంటుకు హద్దు పెట్టే ఎకో మోడ్‌ను 45 వాట్లకు పెట్టాను. దాంతో నిజంగా తీసుకునేది 60 వాట్ల దగ్గర ఆగుతుంది. గంట నిడివి టేపు శుభ్రం చేయడానికి ఇంతకుముందు 5 నిమిషాల 40 సెకన్లు పట్టేది, ఇప్పుడు 6 నిమిషాల 5 సెకన్లు. ఉష్ణోగ్రత 78 దాటలేదు. పాతిక సెకన్లకు బదులుగా గదిలో నిశ్శబ్దం వచ్చింది. చిన్న పెట్టెలో ఇంతకంటే మంచి బేరం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మా పిన్ని కొడుకు ఆటల కోసం పెద్ద పెద్ద కంప్యూటర్లు పేరుస్తాడు. "అక్కా, ఇంత తంటా ఎందుకు, వాటర్ కూలర్ పెట్టేయ్, ఒక్క దెబ్బతో వదిలిపోతుంది" అన్నాడు. "పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కదరా, ఆ రొద మాటేంటి?" అన్నాను. వాడి యంత్రం పక్కన మైకు పెట్టి విన్నాం కూడా. పనిలేనప్పుడు సైతం పంపు మూలుగు సన్నగా రికార్డయింది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. కిందికి గాలి కొట్టే కూలర్ ప్రాసెసర్‌ను మాత్రమే చల్లబరచదు. రెక్కల్లోంచి బయటికి వచ్చిన గాలి వీఆర్ఎం మీదికి, ర్యామ్ మీదికి, ముందువైపు ఎమ్.2 డ్రైవు మీదికి పోతుంది. నీళ్ల కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, చుట్టూ ఉన్నవాటికి గాలి ఆగిపోతుంది. గాలికి ఇంకో ఫ్యాన్ పెట్టే చోటు ఆరు లీటర్లలో ఎక్కడిది?

ఫ్యాన్ వేగం అమర్చడం మీద రెండు సాయంత్రాలు గడిపాను. రైజెన్ ఉష్ణోగ్రత గంతులు వేస్తుంది. ఒక ఫైలు తెరిస్తే చాలు, క్షణంలో 45 నుంచి 65కు ఎగిరి మళ్లీ దిగుతుంది. బోర్డు మామూలు అమరికలో ఫ్యాన్ ఆ గంతుల వెంట పరుగెత్తి ఊళలు వేసేది. ఎక్కీ దిగీ ఉండే శబ్దం, నేను తీయలేని రకం. అందుకే ఇలా మార్చాను: 70 డిగ్రీల దాకా ఒకే వేగం, నిమిషానికి 1200 చుట్లు. ఆ తర్వాతే మెల్లగా ఎక్కాలి. ఎక్కడానికీ దిగడానికీ బయోస్‌లో ఉన్న ఆలస్యాన్ని గరిష్ఠంగా పెట్టాను. ఇప్పుడు చదివేటప్పుడు వినబడేది ఒకే స్థాయి ఊపిరి, అది రికార్డింగ్‌లోంచి జాడ లేకుండా పోతుంది. ఇంతా చేయడం ఇష్టం లేనివాళ్లకు కూలర్‌తో వచ్చే చిన్న అడాప్టర్ వైరు ఉంది, దాన్ని మధ్యలో తగిలిస్తే ఫ్యాన్ 1800 దాటదు.

బోర్డు విషయంలో నా రెండో ఎంపిక మొదటిదానికంటే జాగ్రత్తగా జరిగింది. మొదటి బోర్డులో రెండో ఎమ్.2 డ్రైవు వెనకవైపు ఉండేది. అక్కడికి గాలి వెళ్లదు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఆ డ్రైవులో పెట్టుకుని పెద్ద టేపుల సంచయాన్ని కాపీ చేస్తుంటే సగంలో వేగం పడిపోయేది. ఇప్పటి బోర్డులోనూ వెనక ఒక స్లాట్ ఉంది గానీ అందులో అరుదుగా తెరిచే పాత టేపుల నిల్వ మాత్రమే ఉంచాను. రోజూ వాడే డ్రైవు ముందువైపు హీట్‌సింక్ కింద, కూలర్ గాలి తగిలే చోట ఉంది. ఇంకా చూసినవి: ఫ్యాన్ తీగలకు కనీసం రెండు చోట్లు, ప్రాసెసర్ కరెంటు తీగ దూరే మూల కూలర్‌కు అడ్డం కాకపోవడం, చిప్‌సెట్ (బోర్డు మీది పోర్టులను, డ్రైవులను నడిపే చిప్) మీద సొంత బుల్లి ఫ్యాన్ లేకపోవడం. ఏఎం4 కాలపు ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి అలాంటి ఫ్యాన్ ఉండేది. వేలెడంత ఫ్యాన్ ఎంత కీచుమంటుందో విన్నవాళ్లకు తెలుసు.

మొదటిసారి ఆన్ చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఏఎం5 బోర్డు డీడీఆర్5 ర్యామ్‌ను మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. తెర నల్లగానే ఉంటుంది. నేను భయపడి కూలర్ విప్పి, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే పేస్టు తుడిచి మళ్లీ పూశాను. కదిలించకుండా కూర్చుని ఉంటే అదే వెలిగేది.

ఈ కూలర్ అందరికీ కాదు. 7600ఎక్స్ లాంటి 105 వాట్ల రకాలను వాటి పూర్తి వేగంతో నడపాలనుకుంటే ఇది తగదు. మూత కింద 70 మి.మీ. దొరికే క్యాబినెట్ ఉన్నవాళ్లు అదే కంపెనీ ఎన్‌హెచ్-ఎల్12ఎస్ చూడండి. దాని 120 మి.మీ. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూనే ఎక్కువ గాలి తోస్తుంది. మూత కింద 47కు పైన చోటుండి, ఇంకో రెండు పైపులు కావాలనుకుంటే థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 ఉంది. కొనేముందు మీ బోర్డు వీఆర్ఎం హీట్‌సింక్ ఎత్తు చూసుకోండి. ఇంకా చిన్నది కావాలంటే, అస్‌రాక్ డెస్క్‌మినీ ఎక్స్300 రెండు లీటర్ల లోపే ఉంటుంది. అందులో బోర్డు మినీ-ఎస్‌టీఎక్స్, 147కి 140 మి.మీ. కూలర్‌కు 46 మి.మీ. చోటు, ల్యాప్‌టాప్ ర్యామ్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉండదు. ముందుముందు సౌండ్ కార్డు పెట్టే ఆలోచన ఉండబట్టి నేను దాన్ని వదిలేశాను.

14 నెలల్లో కూలర్‌ను రెండుసార్లు విప్పాను, రెండూ దుమ్ము కోసమే. ఫ్యాన్ ఇరుసులో చప్పుడు రాలేదు. వారంటీ ఆరేళ్లు. స్పాంజి గట్టు మాత్రం వేడికి ఒక మూల కుంగి, అక్కడ మళ్లీ సన్నగా సందు పడింది. పోయిన వారం కొలిస్తే రెండు డిగ్రీలు పెరిగి ఉంది. ఈసారి కొంచెం దట్టమైన ఫోమ్ కోసి పెట్టాను, 76 దగ్గర ఆగింది.