గల్లీలోకి పార్సిల్: వ్యాన్ మేలా, కిరాణా కొట్టు మేలా?

శంషాబాద్ వైపు గోదాము నుంచి హైదరాబాద్‌లోని హబ్ దాకా, అంటే పార్సిళ్లను ఇళ్లకు పంచే కేంద్రం దాకా, పార్సిల్ రావడం తేలికే. లారీ నిండా సరుకు ఒకేసారి వస్తుంది కాబట్టి పెట్టెకు పడే ఖర్చు తక్కువ. హబ్ నుంచి గుమ్మం దాకా ఉన్న నాలుగైదు కిలోమీటర్లలోనే డబ్బు కరిగిపోతుంది. ఒక ట్రిప్పులో ఎన్ని ఇళ్లకు వెళ్లగలం, ఎన్ని తలుపులు తెరుచుకుంటాయి అన్నదే కంపెనీల లెక్క.

కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లకు సొంత హబ్, వ్యానే మేలు. బండి ఒక్కచోట ఆపి టవర్ తర్వాత టవర్ ఇచ్చుకుంటూ పోవచ్చు. మనిషి లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు. రోజూ తిరిగే దూరం ముందే తెలుసు, రాత్రికి బండి హబ్‌కే చేరుతుంది, అందుకే ఎలక్ట్రిక్ బండ్లకూ ఇది అనువు. 2030 నాటికి డెలివరీ బండ్లన్నీ ఎలక్ట్రిక్ చేస్తామని ఫ్లిప్‌కార్ట్ మాటిచ్చింది కూడా.

అదే వ్యాన్ బోరబండ గల్లీ మొదట్లోనే ఆగిపోతుంది. అడ్రసులో ‘మసీదు వెనక, నీళ్ల ట్యాంకు పక్కన’ అని ఉంటుంది. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ అనే డిజిటల్ అడ్రసు కోడ్ దాదాపు నాలుగు మీటర్ల చదరం దాకా చోటు చూపిస్తుంది, మంచిదే. కానీ ఇంట్లో ఎవరున్నారో అది చెప్పదు. మనిషి దొరక్క తిరిగొచ్చిన పార్సిల్‌కు రెండోసారీ పెట్రోలు పోయాల్సిందే.

ఇక్కడ నా ఓటు కిరాణా కొట్టుకే. అమెజాన్ 2015లోనే చుట్టుపక్కల కొట్లవాళ్లతో, రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల లోపు పార్సిళ్లు ఇప్పించడం మొదలుపెట్టింది. మా బస్తీ కొట్టాయన మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక పార్సిళ్లను బియ్యం బస్తాల మీద పేర్చి, మార్కర్‌తో ‘కుట్టుమిషనామె’, ‘ఆటో వాళ్లు’ అని రాసుకుంటాడు. కుట్టుమిషనామె ఆరింటికి గానీ ఇంటికి రాదని ఆయనకు తెలుసు, ఆరున్నరకు వెళ్తాడు. తిరిగొచ్చే పార్సిల్ అరుదు.

డార్క్ స్టోర్, అంటే ఆన్‌లైన్ ఆర్డర్ల కోసమే పేటలో పెట్టే చిన్న గోదాము, దాని సంగతి వేరు. ప్రతి పేటలో అద్దె, సరుకు, మనుషులు కావాలి. రోజూ కొనే పాలు, కూరగాయలకు గిట్టుబాటవుతుంది గానీ వెయ్యి రకాల చీరలకు కాదు.

పార్సిల్ లెక్కన డబ్బిచ్చి సొంత బైకున్న కుర్రాళ్లను పెట్టుకుంటే కంపెనీకి ఖర్చు తగ్గినట్టే ఉంటుంది. నిజానికి వాన, పంక్చరు, తెరుచుకోని తలుపు ఆ కుర్రాడి జేబు మీద పడతాయి. అలా తగ్గిన ఖర్చును పొదుపని నేను ఒప్పుకోను.

కొట్టుకూ ఒక ఇబ్బంది ఉంది. దసరాకు ఆయన బేరాలూ, ఆన్‌లైన్ సేల్ పార్సిళ్లూ ఒకేసారి పోటెత్తుతాయి. ఆ పది రోజులూ హబ్ నుంచి జీతం మీద ఇద్దరు కుర్రాళ్లను కొట్టు దగ్గరే ఉంచితే, దారి ఆయన చెప్తాడు, మెట్లు వాళ్లు ఎక్కుతారు.