డిక్కీలో గుంత ఉంది, స్టెప్నీ లేదు: ఎలక్ట్రిక్ కారుతో 22 నెలలు

మా ఎలక్ట్రిక్ కారు కొని 22 నెలలైంది. 31 వేల కిలోమీటర్లు తిరిగాం. బ్యాటరీ ఎంత, ఛార్జింగ్ ఎంతసేపు, స్క్రీన్ ఎంత పెద్దది అన్నవి చాలామంది రాసేశారు, వాటి జోలికి పోను. డిక్కీ చాప కింద ఉన్న గుంత గురించి రాయాలని కూర్చున్నాను.

మేముండేది విజయనగరం, అత్తవారిల్లు పార్వతీపురం. నెలకు రెండుసార్లైనా గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి మీదుగా వెళ్లి వస్తాం. కారు తీసుకున్న రోజు షోరూము కుర్రాడు డిక్కీ తెరిచి, "ఇప్పుడు స్టెప్నీ అక్కర్లేదు సార్, పంక్చర్ కిట్ ఇస్తున్నాం" అన్నాడు. కొత్త కారు సంబరంలో సరే అనుకున్నాను.

మొన్న సంక్రాంతికి, భోగి ముందురోజు రాత్రి. కారులో నేను, మా ఆవిడ, పాప, మోకాళ్ల నొప్పులతో మా అమ్మ. రామభద్రపురంలో బొబ్బిలి వైపు తిరిగిన కాసేపటికి ఎడమ వెనక చక్రం కింద ఏదో గట్టిగా కొట్టింది. స్క్రీన్ మీద ఆ టైరు గాలి 33 నుంచి 26కి, నేను చూస్తుండగానే 15కి పడిపోయింది. గాలి చూపించే ఆ సెన్సర్‌ని మెచ్చుకోవాలి, అది చెప్పకపోతే రిమ్ము కూడా పోయేది. పక్కకు ఆపి ఫోన్ లైటు వేసి చూస్తే, టైరు పక్క భాగం బొటనవేలంత పొడుగున కోసుకుపోయి ఉంది.

వెనక సీట్లోంచి అమ్మ, "స్టెప్నీ వేసెయ్ నాన్నా, పది నిమిషాల పని కదా" అంది. మా నాన్న జీపు డ్రైవరు. నడిరోడ్డు మీద చక్రం మార్చడం అమ్మ ఎన్నోసార్లు చూసింది. లేదని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

కిట్ తీశాను. ఒక సీసాలో తెల్లటి జిగురు, గాలి కొట్టే చిన్న మిషను. అంతే. జాకీ లేదు, వీల్ స్పానర్ లేదు. సీసా తగిలించి, పైపు వాల్వుకు బిగించి ఆన్ చేశాను. జిగురంతా పాలలా ఆ కోతలోంచి రోడ్డు మీదకు కారిపోయింది. మాన్యువల్ తీసి చదివితే అప్పుడు తెలిసింది: ఈ జిగురు నేలకు తగిలే భాగంలో మేకు దిగిన చిన్న రంధ్రాలకే పనికొస్తుందట, పక్క తెగితే పని చెయ్యదట. మా వైపు రోడ్ల మీద మేకుల కన్నా గోతుల అంచులకూ కంకర రాళ్లకూ పోయే టైర్లే నేనెక్కువ చూశాను.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. బండిని పైకెక్కించుకునే ట్రక్కు విశాఖపట్నం నుంచి రావాలి, పండగ కాబట్టి నాలుగు గంటలు పట్టొచ్చు అన్నారు. తాడు కట్టి లాగించుకుందామంటే, ముందు చక్రాలు నేల మీద తిరిగితే మోటారు దెబ్బతింటుంది, అలా వద్దన్నారు. చలి, మంచు. పాప నిద్రపోయింది. పండక్కి ఇంటికెళ్తున్న సాలూరు లారీ డ్రైవరు ఒకాయన మమ్మల్ని చూసి ఆపాడు. "ఇంత పెద్ద కారుకి స్టెప్నీ నేదా బాబూ?" అని నమ్మలేక తనే డిక్కీలోకి వంగి చూశాడు. వెళ్లిపోకుండా లారీని మా వెనక అడ్డంగా పెట్టి, లైట్లు వేసి, మా బావమరిది వచ్చేదాకా నిలబడ్డాడు. ఆయన పేరు అడగాలన్న ధ్యాస కూడా లేకపోయింది ఆ టెన్షన్‌లో.

బావమరిది బొబ్బిలి నుంచి తన పెట్రోలు కారు స్టెప్నీ, జాకీ పట్టుకుని వచ్చాడు. దానికి నాలుగు బోల్టులు, మాదానికి ఐదు. చక్రం పట్టలేదు గానీ జాకీ పనికొచ్చింది. జాకీ ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, ఈ కారుకు నేల కిందంతా బ్యాటరీయే. అంచున గుర్తు పెట్టిన చోటే పెట్టించి, చక్రం విప్పి వాళ్ల కారులో బొబ్బిలి పట్టుకెళ్లాం. పంక్చర్ షాపు మూసేశారు. బావమరిదికి తెలిసినాయన కాబట్టి ఇంటి నుంచి వచ్చి తెరిచాడు. టైరు ఊడదీసి, "ఏటి బాబూ, దీంట్లో ఏటి పోసేసినారు? మొత్తం అంటుకుపోనాది" అన్నాడు. ఆ జిగురు గుడ్డలతో తుడవడానికే అరగంట. తర్వాత కోతకు లోపలి వైపు గేటర్ ముక్క, అంటే మందపాటి రబ్బరు అతుకు అంటించి, ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు ఎక్కించాడు. ట్యూబు వాల్వు రావాలంటే సెన్సర్ తీసెయ్యాలి. తీసి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "పార్వతీపురం దాకానే బాబూ, ముప్పై దాటించకండి." ఇల్లు చేరేసరికి రాత్రి రెండు కావొస్తోంది. అత్తయ్యగారు గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు.

ఈ కోపం ఎక్కువైంది పండగ తర్వాత. కొత్త టైరు వేయించిన రోజు డిక్కీలో థర్మోకోల్ ట్రే మొత్తం పైకి తీశాను. కింద గుండ్రటి గుంత. దాని మధ్యలో చక్రం బిగించే మర కూడా ఉంది. మా ఆఫీసులో ఒకాయనకు ఇదే కారు పెట్రోలు రకం ఉంది. ఆయన డిక్కీలో టేపు పెట్టి కొలిచాను, అదే వెడల్పు, అదే లోతు. అందులో చక్రం ఉంది, మాదాంట్లో థర్మోకోల్ ఉంది.

ఇది చట్టవిరుద్ధమేమీ కాదు. 2020 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. మూడున్నర టన్నుల లోపు కార్లకు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి చూపించే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఇస్తే స్టెప్నీ తప్పనిసరి కాదు. ఎలక్ట్రిక్ కార్లలో పెద్ద బ్యాటరీకి చోటు మిగులుతుందన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. నిజంగా అక్కడ బ్యాటరీ పెట్టి ఉంటే నేను ఒక్క మాట అనేవాణ్ణి కాదు. మా కారు బ్యాటరీ సీట్ల కిందే ఉంది, గుంత ఖాళీగా ఉంది. పైగా అదే చక్రాన్ని యాక్సెసరీల జాబితాలో పెట్టి విడిగా అమ్ముతున్నారు.

ఒకసారి అనుమానం మొదలైతే మిగతావీ కంటపడతాయి. ముందు చక్రాల పైన ప్లాస్టిక్ తొడుగు ఉంది, వెనక చక్రాలకు లేదు, రేకు మీద పెయింటే. డిక్కీలో లైటుకు వైరు ఉంది, బల్బు లేదు. కొన్న కొత్తలో కారు ఎంత నిశ్శబ్దమో అని అందరికీ చెప్పాను. మోటారు నిశ్శబ్దమే, కానీ ఇంజిను మోత లేని కారులో వెనక రేకుకు తగిలే ప్రతి గులకరాయీ వినిపిస్తుంది. కిలోమీటరుకు రూపాయిలోపే అని కూడా చెప్పాను. ఏసీ వాడే నెలల్లో ఇంటి కరెంటు బిల్లు పై శ్లాబులోకి వెళ్లాక రూపాయి దాటుతోంది. అయినా పెట్రోలుతో పోలికే లేదు, ఆ మాట వెనక్కి తీసుకోను.

స్టీల్ రిమ్ము, టైరు, జాకీ, స్పానర్ అన్నీ కలిపి నాకు 13 వేలు అయింది. చక్రం ఆ గుంతలో ఇంచు తేడా లేకుండా కూర్చుంది. ఛార్జర్ కేబుల్ ఇప్పుడు సంచిలో పక్కన ఉంటోంది, సామాన్లకు కొంచెం ఇరుకైంది.

కొనొచ్చా అని అడిగితే, నాకు మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటానేమో. నడపడానికి అంత బాగుంటుంది. విజయనగరం నుంచి విశాఖ రోజూ వెళ్లి వచ్చేవాళ్లకు దారంతా షాపులుంటాయి, కిట్‌తో గడిచిపోవచ్చు. పెద్దవాళ్లను ఎక్కించుకుని రాత్రిళ్లు బొబ్బిలి, సాలూరు, పాలకొండ వైపు తిరిగేవాళ్లు మాత్రం షోరూములోనే డిక్కీ చాప ఎత్తి చూడండి. మా తోడల్లుడు పోయిన నెల కొన్నప్పుడు సీటు కవర్లు, మ్యాట్లు వద్దని, వాటి బదులు చక్రం అడిగాడు. ముందు కుదరదన్నారట. బుకింగ్ డబ్బులు వెనక్కి ఇమ్మనేసరికి, జాకీతో సహా ఇచ్చారు.