ప్రైమ్95: ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్‌కి అసలైన లెక్క

ఇంట్లో ఓ మోస్తరు డెస్క్‌టాప్ ఉండి, రాత్రిళ్లు ఊరికే పడి ఉంటుందనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంప్యూటర్లు అసెంబుల్ చేసే కుర్రాళ్లకు ప్రైమ్95 అంటే ప్రాసెసర్ వేడికి తట్టుకుంటుందో లేదో చూసే సాఫ్ట్‌వేర్. జార్జ్ వోల్ట్‌మన్ దీన్ని రాసింది మాత్రం మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం. 1996లో మొదలైన ఆ వేట ఇంకా సాగుతోంది. డబ్బు కట్టక్కర్లేదు. జిప్ ఫైలు విప్పి నడపడమే.

రెండుకి ఏదైనా ప్రధాన సంఖ్యను ఘాతంగా పెట్టి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఒక్కోసారి మళ్లీ ప్రధాన సంఖ్యే వస్తుంది: 3, 7, 31, 127. వీటినే మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. ఘాతం 11 అయితే 2047 వస్తుంది, అది 23 × 89. ఆ రెండు కారణాంకాలూ 22 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ. ఇది కాకతాళీయం కాదు. ఘాతం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడల్లా, దాని రెట్టింపుకి గుణిజం కన్నా ఒకటి ఎక్కువగా ఉన్నవే కారణాంకాలవుతాయి. కారణాంకాలు వెతికేటప్పుడు ఈ ఒక్క నియమంతో ఎంత పని తప్పుతుందో!

నాకు ప్రాణం మాత్రం ఇలా వచ్చిన సంఖ్య ప్రధానమో కాదో తేల్చే లూకాస్–లెహ్మర్ పరీక్ష. ఇంటర్ పిల్లలకి బోర్డు మీద చేసి చూపిస్తాను. 4తో మొదలుపెట్టు, వర్గం చెయ్యి, 2 తియ్యి, 31తో భాగించి శేషం ఉంచుకో. 4, 14, 8, 0. మూడో మెట్టుకి సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రధాన సంఖ్య. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ కనిపెట్టిన 2^136279841 − 1ని నిర్ధారించిందీ ఈ పరీక్షే. దాంట్లో 4,10,24,320 అంకెలు. బైనరీలో రాస్తే మధ్యలో ఒక్క సున్నా కూడా లేకుండా వరసగా 13,62,79,841 ఒకట్లు!

ఆయన వాడింది క్లౌడ్‌లో అద్దెకి దొరికే జీపీయూలు (గ్రాఫిక్స్ ప్రాసెసర్లు), మనింటి ప్రాసెసర్ వాటితో పోటీపడలేదు. అయినా నడపమనే అంటాను. 2018 నాటి రికార్డు సంఖ్య దొరికింది మామూలు పీసీలోనే. పైగా వేటలో మన వంతుకి వచ్చిన సంఖ్య ప్రధానం కాదని తేలినా, ఆ ఘాతం సంగతి ప్రపంచానికంతటికీ తేలినట్టే. ఇప్పటి వెర్షన్లలో హార్డ్‌వేర్ వల్ల లెక్క తప్పితే అదే పట్టుకుని వెనక్కి వెళ్లి సరిచేసుకుంటుంది. చేసిన పనికి రుజువు ఫైలు కూడా తయారుచేస్తుంది కాబట్టి ఇంకొకరు లెక్కంతా మళ్లీ చెయ్యక్కర్లేదు.

కరెంటు పోతుందని భయం వద్దు, అరగంటకోసారి సేవ్ చేసుకుంటుంది. మెనూలు మాత్రం పాతకాలంవి, మొదటిసారి చూస్తే బెదురు పుడుతుంది. మొదట అడిగే ప్రశ్నకి వేటలో చేరతానని చెప్పి, మిగతావి ఉన్నవి ఉన్నట్టే వదిలెయ్యండి. కరెంటు బిల్లు కచ్చితంగా పెరుగుతుంది. లాప్‌టాప్‌లో వద్దు. విజయవాడ ఎండల్లో ఏప్రిల్, మే నెలలు డెస్క్‌టాప్‌లో కూడా ఆపేసుకోవడమే మేలు, మళ్లీ తెరిస్తే ఆగినచోటి నుంచే సాగుతుంది. లైనక్స్ వాడేవాళ్లు ఎంప్రైమ్ అనే వెర్షన్ తీసుకోండి.