నంబాతో కొన్నేళ్లు: వేగం సంగతి సరే, కాష్ సంగతి తెలుసుకోండి

వాన నీరు ఏ గల్లీలోంచి ఏ నాలాలోకి పోతుందో లెక్కగట్టడం మా పని. మాదాపూర్‌లో చిన్న ఆఫీసు, కోడ్ అంతా పైథాన్‌లో. 2020 అక్టోబర్ వానల తర్వాత "మా కాలనీయే ఎందుకు మునిగింది?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, లెక్కలూ పెరిగాయి. అప్పటినుంచి ఆ బరువంతా మోస్తున్నది నంబా.

పైథాన్ ఫంక్షన్ మీద @ఎన్‌జిట్ అని ఒక్క డెకరేటర్ (ఫంక్షన్ పైన రాసే చిన్న గుర్తు) పెడితే, దాన్ని నడిచేటప్పుడే ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ సాధనాల సాయంతో మెషీన్ కోడ్‌గా మార్చే జిట్ కంపైలర్ ఇది. 2012 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు.

ఎస్‌ఆర్‌టీఎం అనే, స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన నేల ఎత్తుల డేటాలో హైదరాబాద్ నగరమంతా ఎన్17ఈ078 అనే ఒకే టైల్‌లో (మ్యాప్ ముక్కలో) వస్తుంది. 3601 అడ్డ వరసలు, 3601 నిలువు వరసలు, అంటే దాదాపు కోటీ 30 లక్షల గడులు. ప్రతి గడినీ చుట్టూ ఉన్న ఎనిమిదింటితో పోల్చి నీరు ఎటు దిగుతుందో చూడాలి. అంతవరకైతే అంకెల పట్టికలను ఒకేసారి లెక్కగట్టే పైథాన్ లైబ్రరీ నంపైతోనూ నెట్టుకురావచ్చు. గుంటలు నింపడం, పైనుంచి వచ్చే నీటిని గడి గడికీ కూడుకుంటూ పోవడం మాత్రం లూప్ లేకుండా కుదరదు, ఎందుకంటే ఒక గడి జవాబు తేలాకే పక్క గడి లెక్క మొదలవుతుంది. మామూలు పైథాన్‌లో ఆ లూప్ పెట్టి భోజనానికి వెళ్లి రావచ్చు. నంబాలో చూస్తుండగానే అయిపోతుంది. ఈ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు, సీ++ లో తిరగరాయాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

అసలు చెప్పాల్సింది మొదటి కాల్ గురించి. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అడిగే మాట ఒకటే: "అన్నా, ఇది స్టక్ అయిందా?" కాలేదు, కంపైల్ అవుతోంది. జావా నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ జావా ప్రోగ్రామ్‌లను నడిపే హాట్‌స్పాట్ ముందు ఇంటర్‌ప్రెటర్‌తో నడిపిస్తూ, ఎక్కువసార్లు పిలిచిన ఫంక్షన్లనే తర్వాత కంపైల్ చేస్తుంది. నంబా అలా ఆగి చూడదు, మొదటి కాల్ రాగానే మొత్తం కంపైల్ చేసి తర్వాతే నడుపుతుంది. కాస్త పెద్ద ఫంక్షన్‌కు కొన్ని సెకన్లు, ప్యారలల్=ట్రూ (పనిని సీపీయూ కోర్‌లకు పంచే సెట్టింగ్) పెడితే ఇంకొంచెం ఎక్కువ.

ఆ కంపైల్ కూడా మీరు ఇచ్చిన టైపులకే జరుగుతుంది. డెకరేటర్ పెట్టగానే మీ ఫంక్షన్ పేరు వెనక డిస్పాచర్ అనే ఆబ్జెక్ట్ వచ్చి కూర్చుంటుంది. కాల్ వచ్చినప్పుడల్లా అది ఆర్గ్యుమెంట్ల టైపులు చూస్తుంది: అర్రే (అంకెల పట్టిక) అయితే ఎన్ని డైమెన్షన్లు, ఏ డేటాటైపు, మెమరీలో ఎలా పేర్చి ఉంది. ఆ కలయికకు ముందే కంపైలైన కోడ్ ఉంటే దాని అడ్రస్‌కు నేరుగా దూకుతుంది, అర్రేని కాపీ చేయదు. లేకపోతే మళ్లీ కంపైల్. మా టైల్ ఫైల్‌లోంచి ఇంట్16 (పూర్ణాంకాలు) గా వస్తుంది, గుంటలు నింపాక ఫ్లోట్32 (దశాంశాలు) అవుతుంది, అందులోంచి మూసీ పరివాహకం వరకు ముక్క కోస్తే మెమరీలో వరస తెగిన అర్రే అవుతుంది. మన కంటికి ఒకటే డేటా, నంబాకి మూడు వేరు టైపులు, మూడు కంపైల్‌లు. ఫంక్షన్ పేరు తర్వాత .సిగ్నేచర్స్ అని అడిగితే ఇప్పటిదాకా ఎన్ని పోగయ్యాయో చూపిస్తుంది. మేము ముక్క కోయగానే నంపైలోని యాస్‌కంటిగ్యుయస్‌అర్రే వాడి వరస కలుపుతాం, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇదంతా మెమరీలో ఉండే కోడ్, ప్రాసెస్ ఆగితే పోతుంది. డిస్క్ మీద కాష్‌గా, అంటే మళ్లీ వాడుకోవడానికి దాచిన నిల్వగా, నిలవాలంటే కాష్=ట్రూ ఇవ్వాలి. అప్పుడు పక్కనే ఉన్న పైకాష్ ఫోల్డర్‌లో .ఎన్‌బీఐ అనే ఇండెక్స్ ఫైలు, టైపుకొకటి చొప్పున .ఎన్‌బీసీ ఫైళ్లు పుడతాయి. మరుసటి రోజు ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఎల్‌ఎల్‌వీఎం మళ్లీ కష్టపడదు, తయారైన ఆబ్జెక్ట్ కోడ్ లోడ్ అవుతుంది. రోజూ వాడేవాళ్లకు ఈ ఒక్క సెట్టింగ్ ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

అయితే ఈ కాష్ ఏది చూస్తుంది, ఏది చూడదు అన్నది కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆ ఫంక్షన్ ఉన్న సోర్స్ ఫైలు మారిన టైమ్, సైజు చూస్తుంది. సీపీయూ మోడల్, దాని ఫీచర్లు చూస్తుంది. కాబట్టి నా ల్యాప్‌టాప్ కాష్‌ని వేరే ప్రాసెసర్ ఉన్న సర్వర్‌కు కాపీ చేస్తే ప్రమాదమేమీ లేదు, దాన్ని పక్కనపెట్టి కొత్తగా కంపైల్ చేసుకుంటుంది. చూడనిది ఒకటుంది: మీ ఫంక్షన్ వేరే ఫైల్‌లోని ఇంకో ఫంక్షన్‌ని పిలుస్తుంటే, ఆ రెండో ఫైల్ మారినా మొదటిదాని కాష్‌కు తెలియదు. పాత కోడే నడుస్తుంది, ఎర్రర్ రాదు, జవాబు మాత్రం పాతది. డాక్యుమెంటేషన్‌లో ఈ పరిమితి రాసే ఉంది. కానీ వరద లెక్కల్లో తప్పు జవాబు నిశ్శబ్దంగా రావడం కంటే భయపెట్టేది ఇంకేముంటుంది? అందుకే మేము నంబా_కాష్_డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ప్రతి గిట్ కమిట్‌కూ (కోడ్‌లో నమోదు చేసిన ప్రతి మార్పుకూ) వేరే ఫోల్డర్ ఇస్తాం. పాత కాష్ కొత్త కోడ్‌కు తగలనే తగలదు.

గ్లోబల్ వేరియబుల్స్ కూడా అంతే. నంబా వాటి కంపైల్ అయ్యేటప్పటి విలువని స్థిరాంకంగా పట్టుకుని కూర్చుంటుంది. సిమెంట్ నేలకు ఎంత నీరు ఇంకుతుంది లాంటి మారే అంకెలు తప్పకుండా ఆర్గ్యుమెంట్‌గానే పంపండి.

ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి ఒక ఇమేజ్‌గా ప్యాక్ చేసే డాకర్‌లో పెట్టేవాళ్లకు ఇంకో మాట. ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయితే కాష్ రాసుకునే చోటు దొరకక ఎర్రర్ వస్తుంది, రాయడానికి వీలున్న ఫోల్డర్ ముందే చూపించాలి. ఆ ఫోల్డర్ అందరూ రాయగలిగేది కాకూడదు, ఎందుకంటే అందులోని ఫైళ్లు పికిల్ అనే పైథాన్ నిల్వ పద్ధతిలో లోడవుతాయి, అంటే దానిలో రాయగలిగినవాళ్లు మీ ప్రోగ్రామ్‌లో ఏదైనా నడిపించగలరు. ఇమేజ్ తయారీలోనే చిన్న అర్రేతో ఒకసారి నడిపి కాష్ నింపేస్తే సర్వర్‌లో మొదటి రిక్వెస్ట్‌కు ఆలస్యం ఉండదు, తయారుచేసిన మెషీన్, నడిపే మెషీన్ ఒకే రకం సీపీయూ అయితే. కాకపోతే నంబా_సీపీయూ_నేమ్ ని జెనెరిక్ అని పెట్టుకోవచ్చు, కాస్త వేగం తగ్గుతుంది.

పాండాస్ టేబుళ్లు, టెక్స్ట్ పని ఎక్కువగా ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లనక్కర్లేదు. అంకెల అర్రేలు, విడదీయలేని లూప్‌లు ఉన్నవాళ్లు మాత్రం ఈరోజే పెట్టి చూడండి. పెట్టాక .స్టాట్స్ లో కాష్ హిట్స్, మిస్సెస్ ఒకసారి చూడండి. రెండోసారి ప్రోగ్రామ్ నడిపినప్పుడు కూడా మిస్సెస్ కనిపిస్తున్నాయంటే, ఫైల్ టైమో, సీపీయూనో, టైపో ఏదో ఒకటి మారినట్టే. వెతకడం అక్కడినుంచే మొదలుపెట్టండి.