విరిగిన బోల్టుకు ఏది మేలు: ఈజీ అవుటా, నట్టు వెల్డింగా?

పాత గార్డెన్ ట్రాక్టర్‌లో బోల్టు తల తెగి మొండెం లోపలే ఉండిపోతే అందరూ అడిగేది ఇదే: ఈజీ అవుట్ (మొండెంలో తొలిచిన రంధ్రంలో దించి, వెనక్కి తిప్పి ఊడదీసే పనిముట్టు) కొనాలా, మొండెం మీద నట్టు అతికే వెల్డింగ్ పెట్టించాలా? ముందు చూడాల్సింది అది ఎందుకు తెగిందన్నది.

అదురుకు వదులై, అలిసి తెగిన బోల్టుకు లోపల పట్టు ఉండదు. నడిమధ్యన పంచ్ కొట్టి ఎడమచేతి డ్రిల్ బిట్‌తో (బోల్టు ఊడే వైపుకే తిరుగుతూ తొలిచేది) నెమ్మదిగా తొలిస్తే, చాలాసార్లు బిట్‌తోపాటే తిరిగి బయటికొచ్చేస్తుంది. రాకపోతే ఈజీ అవుట్ చాలు.

సైలెన్సర్ బోల్టుల సంగతి వేరు. తుప్పు పట్టి, స్పానర్ తిప్పుతుండగా తెగిందంటే మరల పట్టు బోల్టు బలాన్నే మించిపోయింది. నిండు బోల్టునే తెంచిన పట్టును 4 మి.మీ. రంధ్రంలో దిగే సన్నటి ఈజీ అవుట్ ఎలా వదిలిస్తుంది? పైగా అది దిగేకొద్దీ బోల్టును వెడల్పు చేసి ఇంకా బిగిస్తుంది. లోపల విరిగిందా, ఆ గట్టి ఉక్కును మామూలు బిట్ తొలవలేదు, మరీ గట్టిదైన కార్బైడ్ బిట్టే దిక్కు.

అందుకే తుప్పు కేసుల్లో నేను నట్టు వెల్డింగ్‌కే మొగ్గుతాను. బ్యాటరీ తీగలు ఊడదీసి, పెట్రోల్ ట్యాంకు దూరంగా పెట్టండి. తుప్పు వదలాలని ముందు నూనె పోసి నానబెట్టి ఉంటే, దాన్ని పూర్తిగా తుడవండి. బ్రేక్ క్లీనర్ మాత్రం వాడొద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ వేడికి విషవాయువు పుడుతుంది. మొండెం మీద జింకు పూత లేని నట్టు పెట్టి, రంధ్రం మధ్యలో మొదలుపెట్టి నింపుతూ రండి. మొండెం లోతుగా ఉంటే ముందు వాషర్ అతికి, దానిపైన నట్టు. ఎరుపు పోయేదాకా ఆగి, ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఆడించండి. గోధుమరంగు పొడి రాలడం మొదలైతే చుక్క నూనె వేయండి. వేడికి సాగి, చల్లారి ముడుచుకునేటప్పుడు తుప్పు పొర పగులుతుంది. అసలు పని చేసేది ఆ వేడే. అతుకు ఊడితే మళ్లీ పెట్టండి, రెండు మూడుసార్లు మామూలే.

మొత్తం తొలిచేసి కొత్త మర కోయడం ఆఖరి దారి.

కొత్త బోల్టు దగ్గర ఒక మోసం ఉంది. పాత బండ్లలో అంగుళాల కొలతలు ఎక్కువ. 5/16 అంగుళం బోల్టు 7.94 మి.మీ., అచ్చం ఎం8 (8 మి.మీ. మెట్రిక్ బోల్టు) లాగే కనిపిస్తుంది. కానీ ముతక మర రకంలో దాని పిచ్ (ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం) 1.41 మి.మీ., ఎం8ది 1.25. నాలుగు చుట్లకే బిగుసుకుంటే ఆపేయండి, లేకపోతే మరలు చెడతాయి. తీసిన ముక్కకే పిచ్ గేజీ పెట్టి చూసి కొనండి, వేసేటప్పుడు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) రాయండి. అది రాస్తే పొడి బోల్టుకు చెప్పిన టార్క్ (బిగించే తిప్పుడు బలం) కంటే తగ్గించి బిగించాలి.